మాట పుట్టుక: అబండెన్స్‌లో ఉన్న అల

ప్రశ్న: మాస్టారూ, నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పోటీ పరీక్షల కోసం ఇంగ్లీషు మాటలు నేర్చుకుంటున్నాను. ‘అబండెన్స్’ని ‘ఎ బన్ డాన్స్’ అని గుర్తుపెట్టుకోమని కోచింగ్‌లో చెప్పారు. అర్థం ‘ఎక్కువ’ అని రాయించారు. ఎక్కువ అనడానికి ఇంగ్లీషులో ఇన్ని మాటలున్నాయి కదా, దీన్ని ఎక్కడ వాడాలి? అసలు ఇది ఎక్కడి నుంచి వచ్చింది?
ఒక విద్యార్థిని, నరసన్నపేట

జవాబు: అమ్మా, డాన్స్ చేసే బన్ను పరీక్ష హాల్లో మాటని గుర్తుకు తేవడానికి పనికొస్తుంది, నేను కాదనను. కానీ ఆ బొమ్మ అర్థం గురించి ఏమీ చెప్పదు. ఇలాంటివే ఇంకో యాభై బొమ్మలు నేర్చుకున్నాక బన్నూ గుర్తుండదు, అర్థమూ గుర్తుండదు. ఈ మాటకి పుట్టుకతో వచ్చిన బొమ్మ ఒకటి ఉంది. వంశధారకి దగ్గర్లో పెరిగిన పిల్లవి కాబట్టి నీకు దాన్ని పెద్దగా విడమరచాల్సిన పని కూడా లేదు.

లాటిన్‌లో ‘ఉండ’ అంటే అల. దాంట్లోంచి ‘ఉండారే’ అనే క్రియ పుట్టింది. అలలా లేవడం, ఎగసిపడడం అని అర్థం. దాని ముందు ‘అబ్’ చేరింది. ‘నుంచి’, ‘అవతలికి’ అనే అర్థమిచ్చే చిన్న మాట అది. అబ్‌నార్మల్, ఆబ్సెంట్ అన్న మాటల మొదట్లో ఉన్నదీ అదే. రెండూ కలిస్తే ‘అబుండారే’. నీళ్లు అలలా లేచి అంచు దాటి అవతలికి పోవడం. మన మాటల్లో పొంగి పొర్లడం. ఆ క్రియకి నామవాచకం ‘అబుండాంటియా’. అది పాత ఫ్రెంచిలోకి వెళ్లి కాస్త నునుపుదేరింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక అక్కడి దర్బారులో, కోర్టుల్లో ఫ్రెంచి నడిచింది. ఆ దారిన ఇంగ్లీషులోకి వచ్చిపడ్డ బోలెడు మాటల్లో ఇదీ ఒకటి. 14వ శతాబ్దపు ఇంగ్లీషు రాతల్లో కనబడుతుంది.

అందుకే ‘ఎక్కువ’ అని రాసుకుంటే సగమే రాసుకున్నట్టు. గృహప్రవేశం రోజున ఆడపడుచు పాలు పొంగిస్తుంది కదా. గిన్నె నిండా పాలున్నాయి, చాల్లే అని పొయ్యి దగ్గర్నించి ఎవరూ లేచిపోరు. పాలు లేచి, అంచు దాటి, పక్కకి జారేదాకా అందరూ అక్కడే నిలబడి చూస్తారు. రోమన్లు అబుండాంటియా అన్నది ఆ అంచు దాటడాన్నే. నిండుగా ఉండడం దీనికి చాలదు. నిండాక పైకి లేచి బయటికి రావాలి, పక్కవాళ్లకి కూడా అందేటంత రావాలి. ఈ ఒక్క తేడా మనసులో పెట్టుకుంటే ఈ మాటని ఎక్కడ వాడాలో నీకే తెలిసిపోతుంది.

ఈ తేడా దగ్గర పెద్ద పెద్దవాళ్లే తడబడ్డారు. మధ్యయుగంలో యూరప్‌లో చేతిరాత పుస్తకాలు రాసే లేఖకులు ఈ మాట ముందు ఒక ‘హెచ్’ చేర్చి ‘హబుండాంటియా’ అని రాసేవారు. లాటిన్‌లో ‘హబేరే’ అంటే కలిగి ఉండడం. సమృద్ధి అంటే చాలా కలిగి ఉండడమే కదా, కాబట్టి ఇది ఆ మాటలోంచే వచ్చి ఉంటుందని వాళ్లు అనుకున్నారు. ఇంగ్లీషులో కూడా కొంతకాలం ‘హబండెన్స్’ అని రాశారు. తరవాత లాటిన్ బాగా చదువుకున్నవాళ్లు ఆ ‘హెచ్’ని తీసేశారు. నాకైతే ఆ ఒక్క అక్షరం తీసెయ్యడం చాలా పెద్ద పని అనిపిస్తుంది. దాంతోపాటు కలిగి ఉండడం అనే అర్థం పోయి, పొర్లడం అనే పాత అర్థం తిరిగి వచ్చింది.

ఇంకా వెనక్కి వెళ్దాం. లాటిన్, గ్రీకు, సంస్కృతం ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని బ్రిటిష్ పండితుడు విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ఒక ఉపన్యాసంలో చెప్పాడు. ఆ తరవాత వచ్చిన పండితులు ఒక్కో మాటా పట్టుకుని ఆ చుట్టరికాలు తేల్చారు. వాళ్లు తేల్చిన ప్రకారం లాటిన్ ‘ఉండ’, ఇంగ్లీషు ‘వాటర్’, సంస్కృతం ‘ఉదకం’ ఒకే కుటుంబం. మధ్యలో ఆ ‘న’కారం ఎలా వచ్చిందని నీకు అనుమానం రావచ్చు. సంస్కృతంలోనూ ఇలాగే జరిగింది. ‘ఉదకం’లో న లేదు, తడపడం అనే అర్థమున్న ‘ఉంద్’ ధాతువులో ఉంది. ‘సముద్రం’లో ఉన్న ‘ఉద’ కూడా ఇదే. వేదంలోని మాటలకి అర్థాలు చెప్పిన ప్రాచీన పండితుడు యాస్కుడు తన నిరుక్తంలో సముద్రం అన్న మాటకి ఎన్నో వ్యుత్పత్తులు చెప్పాడు, వాటిలో ఉదకంతో ముడిపెట్టిందీ ఉంది, ఈ తడిపే ధాతువుతో ముడిపెట్టిందీ ఉంది. రష్యన్ల ‘వోడ్కా’ అంటే చిన్న నీళ్లు. ‘విస్కీ’కి మూలమైన గేలిక్ (స్కాట్లండు, ఐర్లండుల పాత భాష) మాటకి జీవజలం అని అర్థం. నీటికుక్కని ఇంగ్లీషులో ‘ఆటర్’ అంటారు, సంస్కృతంలో ‘ఉద్రం’. ఇవన్నీ ఒకే నీటి నుంచి వచ్చిన మాటలు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెయ్యాలి. లాటిన్ ‘ఉండ’ వినగానే నువ్వుల ఉండ గుర్తొస్తుంది. మన జిల్లాలో బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం కూడా గుర్తు రావచ్చు. ఈ రెండింటికీ ఆ అలతో ఏ సంబంధమూ లేదు. శాలిహుండాన్ని శాలివాటిక అన్నారని కొందరు, శల్యపేటిక అన్నారని కొందరు చెబుతారు. మొదటిదైతే వరికి, రెండోదైతే ధాతువులు, అంటే అస్థికలు, దాచిన పెట్టెకి పోతుంది, అలకి మాత్రం పోదు. మన ఉండ, మన నీరు, మన పొంగు ద్రావిడ మాటలు. ఆ కుటుంబం వేరు. చెవికి ఒకేలా వినబడినంత మాత్రాన మాటలు చుట్టాలు కావు. ఈ మధ్య ఫోన్లలో తిరిగే ‘అన్ని భాషలూ తెలుగు నుంచే’ తరహా వీడియోలు చూసినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది. తెలుగుకి గొప్పతనం అరువు తెచ్చి పెట్టనక్కర్లేదు. లాటిన్ వాడు అల పేరుతో చెప్పిన దాన్నే మనవాళ్లు ఎవరినీ అడగకుండా పొంగు, పొర్లు అని సొంతంగా చెప్పుకున్నారు. అది చాలదా?

ఆ అల నుంచే పుట్టిన మరో మాట ‘ఇనండేట్’. ‘ఇన్’ అంటే లోపలికి. అల లోపలికి వస్తే ముంపు. అల ఒకటే, నువ్వు ఏ వైపు నిలబడ్డావన్నదే తేడా. నీ కుండలోంచి బయటికి పొర్లితే అబండెన్స్, నీ ఇంట్లోకి పొర్లుకొస్తే ఇనండేషన్. మా ఊరు నాగావళి ఒడ్డున. ఏరు గట్టు దాటి వచ్చి వెనక్కి తీసిన తరవాత మడిలో ఒండ్రు మిగిలితే, ఆ ఏడు పంట గురించి మా నాన్నగారు బెంగ పెట్టుకునేవారు కాదు. ఇసుక మేట వేస్తే మాత్రం ఉబాలు (వరి నాట్లు) మాట దేవుడెరుగు, ముందు ఆ ఇసుకని బళ్ల మీద తోలించాల్సి వచ్చేది. ఒకే ఏరు, ఒకే వరద. గట్టుకి అటు ఒక మడిలో ఒండ్రు, ఇటు ఒక మడిలో ఇసుక. లాటిన్ నిఘంటువులో ఈ రెండు మాటలూ ఒకే వేరు కింద పక్కపక్కన కనబడినప్పుడు నాకు మా గట్టే గుర్తొచ్చింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకొరిగాయో నువ్వూ చూసే ఉంటావు. అలాంటి రోజున ఊళ్లలోకి వచ్చిన నీటి గురించి రాయాలంటే ఇనండేట్. ఆ తోటలు నిండుగా కాసిన ఏడాది గురించి రాయాలంటే అబండెన్స్.

‘రిడండెంట్’ కూడా ఈ ఇంటిదే. మళ్లీ మళ్లీ పొర్లినది, కాబట్టి అవసరానికి మించినది. బ్రిటన్‌లో ఉద్యోగిని ఇక అక్కర్లేదని తీసేస్తే ఈ మాటే వాడతారు. ‘సరౌండ్’ మరీ ఆశ్చర్యం. అది మొదట ‘సూపర్’, ‘ఉండారే’ కలిసిన మాట. పైనుంచి ముంచెత్తడం అని అర్థం. వినడానికి ‘రౌండ్’ అన్నట్టు ఉండడం వల్ల పోను పోను చుట్టుముట్టడం అయిపోయింది.

ఇక వాడుక. సరిపడా ఉంటే ‘ఇనఫ్’. మాట్లాడుకునేటప్పుడు బోలెడు ఉందనడానికి ‘ప్లెంటీ ఆఫ్’. (బోలె అనేది మట్టి పాత్ర. గంపెడు, చేటెడు, దోసెడు లాగే బోలె నిండా ఉంటే బోలెడు.) రాతలో, వార్తలో, శాస్త్రంలో, అదీ ఎక్కువగా వాన, పంట, చేప, ఖనిజం లాంటి వాటికి ‘అబండెంట్’, ‘అబండెన్స్’. మా ఇంట్లో అబండెన్స్ ఆఫ్ కుర్చీలు ఉన్నాయంటే వినడానికి బాగుండదు. మేలు చేసే వాటికే ఎక్కువగా వాడతారన్నది కూడా గుర్తుంచుకో. తెలుగులో దీనికి సమృద్ధి బాగా నప్పుతుంది. అయితే సమృద్ధిలో ఉన్నది నీరు కాదు, పెరుగుదల. ‘ఋధ్’ అంటే వృద్ధి చెందడం.

నువ్వు సైన్సు గ్రూపు అయితే ఒక చిక్కు వస్తుంది, ముందే చెబుతున్నాను. కెమిస్ట్రీలో ‘నేచురల్ అబండెన్స్’ అంటే సమృద్ధి కాదు, ఒకే మూలకంలో వేర్వేరు బరువులున్న అణువుల రకాల్లో (ఐసోటోపుల్లో) ఒక్కోదానికి ప్రకృతిలో వాటా ఎంత అన్నది. కార్బన్‌లో కార్బన్-13 వాటా 1.1 శాతం దగ్గర ఉంటుంది. అంత తక్కువ దాన్ని కూడా అబండెన్స్ అనే అంటారు. అక్కడ అర్థం కొలత మాత్రమే.

ప్రశ్న: అయ్యా, నేను ప్లీడరు గారి దగ్గర గుమస్తాని. అఫిడవిట్లలో ‘బై వే ఆఫ్ అబండెంట్ కాషన్’ అని తరచూ టైపు చేస్తుంటాను. కక్షిదారులు దీన్ని తెలుగులో చెప్పమంటే ‘జాగ్రత్త కోసం’ అంటున్నాను. అది సరేనా?
ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: సగం సరే. అక్కడ ముఖ్యమైనది జాగ్రత్త కాదండీ, ‘అబండెంట్’. ఇది ‘ఎక్స్ అబుండాంటి కౌటేలా’ అనే లాటిన్ న్యాయవాక్యానికి ఇంగ్లీషు రూపం. పొంగిపొర్లే జాగ్రత్త నుంచి అని మాటకి మాట అర్థం. చట్టం అడగకపోయినా, అడుగుతుందేమోనన్న అనుమానంతో ముందుగానే చేసే పని ఇది. మీకు రోజూ తగిలే ఉదాహరణే తీసుకోండి. అప్పీలు గడువులోనే వేశామని మీ ప్లీడరు గారికి నమ్మకం ఉంది. అయినా ఎదుటి పక్షం రోజులు వేరే లెక్క కడుతుందేమోనని ఆలస్యాన్ని మన్నించమంటూ ఒక పిటిషన్ కూడా జత చేస్తారు. ఆ పిటిషన్‌లో ఈ మాట రాయకపోతే, ఆలస్యం అయిందని తామే ఒప్పుకున్నట్టు ఎదుటి పక్షం అనొచ్చు. రాస్తే, అవసరం లేదని తెలిసే వేశాం అని చెప్పినట్టు. అంటే ఈ మాట అక్కడ అలంకారానికి లేదు, హక్కుని కాపాడుతోంది. కాబట్టి కక్షిదారులతో ‘అవసరం లేకపోయినా ముందుజాగ్రత్తగా’ అని చెప్పండి. ఆ ‘అవసరం లేకపోయినా’ని వదలొద్దు.

దీనికి తోడు ‘అబుండాన్స్ కౌటేలా నాన్ నొసెట్’ అని ఇంకో వాక్యం ఉంది. మిక్కిలి జాగ్రత్త వల్ల కీడు లేదు అని అర్థం. 2020లో కరోనా వచ్చినప్పుడు కార్యక్రమాలు రద్దు చేసుకున్న సంస్థల ప్రకటనల్లో ‘అవుట్ ఆఫ్ ఆన్ అబండెన్స్ ఆఫ్ కాషన్’ అని తెగ కనబడింది. కోర్టు మాట అలా వీధిలో కూడా వినబడింది.

ప్రశ్న: మాస్టారు గారూ, క్రాస్‌వర్డ్‌లో ‘హార్న్ ఆఫ్ ప్లెంటీ’ అనే క్లూకి ‘కార్నుకోపియా’ జవాబు. కొమ్ముకీ సమృద్ధికీ ఏమిటి సంబంధం? అందులో ‘కోపియా’ మన జిరాక్సు ‘కాపీ’ లాగా ఉంది. చుట్టరికం ఉందా, లేక చెవికి అలా వినబడుతోందా?
ఒక రైల్వే ఉద్యోగి, ఆమదాలవలస

జవాబు: చుట్టరికం ఉంది, అదీ దగ్గరి చుట్టరికం. ముందు కొమ్ము సంగతి చూద్దాం.

లాటిన్‌లో ‘కార్ను’ అంటే కొమ్ము, ‘కోపియే’ అంటే సమృద్ధి యొక్క. దీని వెనక రెండు కథలున్నాయి. మొదటిది చాలామందికి తెలిసిందే. గ్రీకు దేవుడు జ్యూస్ పసివాడిగా క్రీటు ద్వీపంలో దాక్కుని పెరిగినప్పుడు అమల్థియా అనే మేక పాలిచ్చింది. దాని కొమ్ము విరిగితే, దాన్ని పట్టుకున్నవాళ్లకి కోరిందల్లా దక్కేలా వరమిచ్చాడు. రెండో కథ నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే అది ఏటి కథ. అకిలోవస్ అనేది పశ్చిమ గ్రీసులో నిజంగా ఉన్న నది. దాని దేవుడు ఎద్దు రూపంలో హెర్క్యులీస్‌తో కుస్తీ పట్టాడు. హెర్క్యులీస్ ఆ ఎద్దు కొమ్ము ఊడబెరికాడు. నీటి కన్యలు ఆ కొమ్ముని పళ్లతో, పూలతో నింపి పవిత్రం చేశారు. రోమన్ కవి ఓవిడ్ ఈ కథని ఆ నది నోటితోనే చెప్పించాడు.

క్రీస్తు కాలం నాటి గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో ఈ కథకి ఇచ్చిన వివరణ చూడండి. ఆ నది వంకరలు తిరుగుతూ, వరదలు తెస్తూ, ఎద్దులా రంకెలేస్తూ పొలాలను పాడుచేసేది. హెర్క్యులీస్ గట్లు వేసి, కాలవలు తవ్వి, నీటిని పక్కకి మళ్లించి, ముంపు భూమిని సాగుకి తెచ్చాడు. విరిగిన కొమ్ము అంటే మళ్లించిన ఏటి పాయ అన్నమాట. అందులోంచి రాలిన పళ్లు ఆ భూమి పంటే. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ గట్టు మీద నిలబడి, కాలవలోకి మళ్లుతున్న వంశధార నీటిని చూసినవాళ్లకి స్ట్రాబో మాట కట్టుకథలా అనిపించదు. పైన విద్యార్థినికి చెప్పానే, ముంపు అయినా సమృద్ధి అయినా ఒకే అల అని, ఆ కొమ్ము కథ కూడా అక్కడికే వస్తుంది. ఏటికి గట్టు కావాలి, మదుం (తూము) కావాలి, మళ్లించే మనుషులు కావాలి.

రోమన్లు అబుండాంటియాని దేవతగా కూడా కొలిచారు. 3వ శతాబ్దపు చక్రవర్తుల నాణేల మీద ఆమె బొమ్మ ఉంటుంది. రెండు చేతులతో ఈ కొమ్ముని వంచి, అందులో ఉన్నదంతా కిందికి ఒంపుతూ కనబడుతుంది. కొమ్ముని పట్టుకుని ఊరికే నిలబడకుండా, ఒంపుతూ ఉండడం గమనించండి. చక్రవర్తి జనానికి ధాన్యం, డబ్బు పంచుతున్నాడని చెప్పుకోవడానికి ఆ బొమ్మ పనికొచ్చింది.

ఇక ‘కోపియా’. ‘కో’, ‘ఓప్స్’ కలిసి అయింది. ‘ఓప్స్’ అంటే సంపద, శక్తి, ఆసరా. ఆ పేరుతో రోమన్లకి పంటల దేవత ఉండేది, శాటర్న్ భార్య. ఆగస్టు 25న ఒకటి, డిసెంబరు 19న ఒకటి ఆమె పండుగలు. ‘కోపియస్’, ‘ఆపులెంట్’ రెండూ ఈ వేరువే. మరి ‘కాపీ’? లాటిన్‌లో కోపియాకి సమృద్ధితో పాటు ‘అవకాశం’, ‘అనుమతి’ అనే అర్థాలు కూడా వచ్చాయి. అచ్చుయంత్రం లేని రోజుల్లో ఒక గ్రంథాన్ని చూసి రాసుకోవాలంటే అనుమతి కావాలి. రాసుకునే ఆ అనుమతి పేరే క్రమంగా రాసుకున్న ప్రతికి పేరైంది. ఒకటే ఉన్నది రెండై, పదై పెరుగుతుంది కాబట్టి సమృద్ధి అర్థం కూడా అందులో కలిసే ఉంది. పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాస్తే కాపీ కొట్టాడంటాం. పుట్టుకలో అది అనుమతితో చేసే పని.

ప్రశ్న: ‘ప్లెంటీ’, ‘ఫుల్’, మన పూర్ణం బూరెల్లో ‘పూర్ణం’, మూడూ ఒకేలా ఉన్నాయి. ఇదీ చెవి చేసే మోసమేనా మాస్టారూ?
ఒక గృహిణి, విజయనగరం

జవాబు: కాదమ్మా, ఈసారి చెవి నిజమే చెప్పింది. లాటిన్‌లో ‘ప్లేనుస్’ అంటే నిండినది. ‘ప్లెంటీ’ దాంట్లోంచే వచ్చింది. సంస్కృతంలో ‘పూర్ణ’. సంస్కృతంలో, లాటిన్‌లో ‘ప’ ఉన్నచోట ఇంగ్లీషులో ‘ఫ’ వస్తుంది, పితృ అంటే ఫాదర్, పాదం అంటే ఫుట్. అలాగే పూర్ణ, ఫుల్. బూరెలో నింపేది కాబట్టి పూర్ణం అనే పేరు సరిగ్గా అతికింది. ఇంగ్లీషు ‘ప్లెథోరా’ కూడా ఈ బంధువే, గ్రీకు వైపు నుంచి వచ్చింది. పాత వైద్యంలో ఒంట్లో రక్తం మితిమీరిన జబ్బుకి ఆ పేరు పెట్టారు, నరం కోసి రక్తం తీసేవారు. అందుకే ఇప్పటికీ ప్లెథోరా అంటే అక్కర్లేనంత ఎక్కువ అనే చాయ ఉంటుంది. పిల్లలు వ్యాసాల్లో దాన్ని సమృద్ధికి బదులు వాడేస్తుంటారు, వద్దని చెప్పండి. మన ‘నిండు’ మాత్రం అచ్చంగా మనదే. నిండు కుండ, నిండు గర్భిణి, నిండు నూరేళ్లు. పైడితల్లి అమ్మవారి పండుగలో సిరిమాను అంటామే, ఆ ‘సిరి’ సంస్కృతం ‘శ్రీ’ నుంచి వచ్చింది, పక్కనున్న ‘మాను’ తెలుగు. రెండు భాషలూ ఒకే మాటలో అలా కలిసిపోయాయి.

ప్రశ్న: సార్, ‘అబండెన్స్’ చివర ‘ఏ’ అక్షరం, ‘అఫ్లుయెన్స్’ చివర ‘ఈ’ అక్షరం. రెండూ ఒకేలా పలుకుతాం. స్పెల్లింగులో ఎప్పుడూ టెన్షనే. ఏదైనా దారి ఉందా?
ఒక ఇంటర్ విద్యార్థి, రాజాం

జవాబు: కొంత వరకు ఉంది బాబూ. లాటిన్ క్రియ ‘ఆరే’తో ముగిస్తే ఇంగ్లీషు మాటలో ‘ఏ’ వస్తుంది. అబుండారే, కాబట్టి అబండెన్స్‌లో ‘ఏ’. క్రియ ‘ఎరే’తో ముగిస్తే ‘ఈ’. ‘ఫ్లుయెరే’ అంటే ప్రవహించడం, కాబట్టి అఫ్లుయెన్స్‌లో, ఇన్‌ఫ్లుయెన్స్‌లో ‘ఈ’. అఫ్లుయెన్స్ అంటే ఒక వైపుకి ప్రవహించి చేరినది. డబ్బు అలా వచ్చి చేరినవాళ్లని అఫ్లుయెంట్ అంటారు. భూగోళశాస్త్రంలో ఉపనదికి కూడా ఆ పేరుంది. మీ వైపు వంగర మండలం సంగాం దగ్గర నాగావళిలో కలిసే సువర్ణముఖి, వేగవతి ఆ అర్థంలో అఫ్లుయెంట్లు.

ఈ సూత్రం అన్నిచోట్లా పనిచేయదు. ఫ్రెంచి వాళ్లు క్రియ ఏదైనా ‘ఏ’నే పెట్టేవారు. వాళ్ల దగ్గర్నించి అలాగే వచ్చేసిన మాటలు కొన్ని ఉన్నాయి. ‘రెసిస్టెన్స్’, ‘ఎగ్జిస్టెన్స్’ రెండింటికీ లాటిన్ మూలం ‘సిస్టెరే’యే. అయినా మొదటిదాంట్లో ‘ఏ’, రెండోదాంట్లో ‘ఈ’. ఈ రెంటినీ నోట్‌బుక్కులో పక్కపక్కన రాసుకుని నేర్చుకో.